కోసిన చోటు కనబడాలి

మా మామ పోయారన్న కబురు నాకు కరీంనగర్‌లో అందింది. కంప్యూటర్లు అమ్మే దుకాణం మేడ మీద, పెండ్లి క్యాసెట్లు మిక్సింగ్ చేసుకునే వాళ్ళం కొంతమందిమి కూర్చుని ఉన్నాం. మేం వాడే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది, అందులో ఏమేం కొత్తవి ఉన్నాయో చూపిస్తామని పిలిచారు. హైదరాబాద్ నుంచి వచ్చిన అబ్బాయి తెర మీద ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అడుగుతున్నారు: ఎఫెక్టులు ఎన్ని పెరిగినయి, పేర్లు తెలుగు అక్షరాల్లో వస్తయా, పిల్లా పిల్లగాని ఫొటోలు చక్రం లెక్క తిరుగుతయా అని. నా వంతు వచ్చినప్పుడు మా మామ పంపిన ప్రశ్న అడిగాను. "పాత వెర్షన్‌ల సగం చేసిపెట్టిన పెండ్లిని కొత్త దాంట్ల తెరిస్తే, ఉన్నది ఉన్నట్టు వస్తదా?"

అతను నోరు తెరిచేలోపు దుకాణం యజమాని మెట్లెక్కి వచ్చాడు. "బెల్లంపల్లి నుంచి ఫోన్ మేడం, జర జల్ది రాండ్రి" అన్నాడు. ఫోన్‌లో మా ఆయన. "బాపు పోయిండు. వచ్చెయ్" అని పెట్టేశాడు.

సంచీ తెచ్చుకోవడానికి మళ్ళీ మేడ మీదికి వెళ్ళాను. ఏం జరిగిందో తెలియని ఆ అబ్బాయి నన్ను చూడగానే, "వస్తుంది మేడం, పాత పని అంతా వస్తుంది. కానీ తెరిచే ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోమనండి మీ మామగారిని" అన్నాడు. సరేనని తలూపాను. బస్సులో గోదావరి బ్రిడ్జి దాటుతుంటే ఆ జవాబే నోట్లో తిరుగుతోంది. ఇంటికి చేరగానే చెప్పాలి అనుకోవడం, వెంటనే ఆయన లేరని గుర్తుకు రావడం, మళ్ళీ చెప్పాలి అనుకోవడం. మంచిర్యాల దాకా అట్లాగే ఏడ్చాను.

మా మామ పేరు బెల్లంపల్లిలో చాలామందికి తెలియదు. "మిక్సింగ్ సేటు" అంటే తెలుసు. అంతకుముందు ఆయన సినిమా టాకీసులో ఆపరేటర్. వాళ్ళ బాపు గనిలో పనిచేసేవాడు. కొడుకునూ గనిలోకే దింపుదామనుకున్నాడు గానీ, తెలంగాణ కోసం బడులు బంద్ అయిన ఏడాది, చదువు ఆగిపోయి ఊరికే తిరుగుతున్న పిల్లవాణ్ణి టాకీసు మేనేజర్ రీళ్ళు మోయడానికి పెట్టుకున్నాడు. మోసిన చేతులకే కొన్నాళ్ళకు మిషన్ అప్పగించాడు. ఆ రోజుల్లో రీలు ఎప్పుడంటే అప్పుడు తెగేదట. తెగిన రెండు కొసలనూ కాస్త కాస్త కత్తిరించి అతికించాలి. అట్లా అతికిన ప్రతిసారీ సినిమాలోంచి రవ్వంత పోతుంది. ఒక రీలు జిల్లాలన్నీ తిరిగి మా ఊరికొచ్చేసరికి మాటలు సగం సగం వినబడేవట. "తెగింది అతుకుతది బిడ్డా, పోయింది రాదు" అనేవారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గానీ, ఈ మాట మాత్రం ఎన్నిసార్లు విన్నానో.

వీసీఆర్‌లు వచ్చాక టాకీసు మూతపడింది. ఆయన రెండు వీసీఆర్‌లు, ఒక మిక్సర్ కొనుక్కుని ఇంటి ముందు గదిలో పెట్టారు. నేను కోడలిగా వచ్చేనాటికి ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ పోయేవాళ్ళు కాదు. బొగ్గు ఊరు కదా, కిటికీ మూసినా దుమ్ము ఎట్లాగో వచ్చి కూర్చునేది. పొద్దున్నే స్నానం చేసి, చాయ్ తాగకముందే, తడి బట్టతో బల్లా, పొడి బట్టతో మిషన్లూ తుడిచి, ఆ తర్వాతే దేవుడికి దండం పెట్టుకునేవారు. మా అత్త "ముందుగాల దేవుడు, తర్వాత మిషన్" అని కోప్పడేది. "దేవునికి దుమ్ము పడ్తే ఏం గాదు" అనేవారు మామ.

మా ఆయన గనిలో పని. షిఫ్టు దిగి వచ్చాక ఏదీ పట్టించుకునే ఓపిక ఉండేది కాదు. నాకేమో పని తక్కువ, ఆసక్తి ఎక్కువ. వంటింటి గుమ్మంలో నిలబడి మామ చేసే మిక్సింగ్ చూసేదాన్ని. ఒకరోజు ఆయన వెనక్కి తిరగకుండానే, "నిలబడి చూస్తే కాళ్ళు నొస్తయి, లోపటికొచ్చి కూసో" అన్నారు. కంప్యూటర్ మీద మిక్సింగ్ వస్తోందని కరీంనగర్ నుంచి కబురొచ్చినప్పుడు, నేర్చుకోవడానికి నన్నే పంపుతానన్నారు. అత్త ఒప్పుకోలేదు.

"కోడలుపిల్ల వారం వారం బస్సెక్కి కరీంనగర్ పోవుడేందయ్యా? నలుగురు ఏమంటరు?"

"నలుగురు వాళ్ళ పెండ్లి క్యాసెట్లు గీమె చేతులనే పెడ్తరు తియ్యి" అన్నారు మామ. "నా కండ్లకు గా చిన్న చిన్న అచ్చరాలు కనబడ్తలేవు. గీమెకు కనబడ్తయి. అంతే ముచ్చట."

అట్లా నేను వారం వారం పోయి వచ్చేదాన్ని. తిరిగి వచ్చేసరికి ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మంచినీళ్ళు తాగనిచ్చేవారు, అంతవరకే. ఇక ప్రశ్నలు. క్యాసెట్ మీద నుంచి క్యాసెట్‌కు దింపితే బొమ్మ పాలిపోతది కదా, ఇందులో కూడా పాలిపోతదా? పని నడిమిట్ల కరెంటు పోతే ఎక్కడికి పోతది చేసినదంతా? గంట పెండ్లికి మిషన్ ఎంతసేపు తీసుకుంటది? మాట ముందు, పెదవి వెనక అయితే సర్దొచ్చునా? వీటిల్లో సగానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. "వచ్చే వారం అడిగి చెప్త మామా" అనేదాన్ని. నేర్పే అతను కూడా మంచివాడే. "మీ మామ ఏమన్నడు ఈ వారం?" అని తనే అడిగి, తెలియకపోతే తెలియదని చెప్పి, పై వాళ్ళకు ఫోన్ చేసి కనుక్కునేవాడు.

ఒకసారి సంతోషంగా వచ్చి చెప్పాను. "మామా, తప్పు చేసినా ఫికర్ లేదు. ఒక్క మీట నొక్కితే ముందటి లెక్కనే అయితది. అన్‌డూ అంటరు."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఎన్నిసార్లు ఎనకకు పోవచ్చు?"

"శానాసార్లు."

"మిషన్ బంద్ జేసి, పొద్దుగాల మల్ల తెరిస్తే?"

"అప్పుడు రాదు మామా."

"అయితే గది గూడ మన లెక్కనే" అన్నారు నవ్వుతూ. "తెల్లారి లేస్తే నిన్న జేసింది ఖాయమే."

కంప్యూటర్ కొన్నాక వచ్చిన మొదటి పెండ్లిళ్ళ కాలంలోనే ఆసిఫాబాద్ వైపు నుంచి ఒక పటేల్ వచ్చాడు. పెద్ద రైతు. కొడుకు పెండ్లి వారం క్రితం అయింది, కెమెరా మా మామ పంపిన మనిషే పట్టాడు. ఆ పెండ్లికి పటేల్ పెద్ద బిడ్డ వచ్చిందట. ఆమె రెండేళ్ళ క్రితం తను పాఠాలు చెప్పే బడిలోనే పనిచేసే, వేరే కులం అతన్ని చేసుకుంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె పేరెత్తరు. పిలవకపోయినా తమ్ముడి పెండ్లికి వచ్చి, ఓ మూల నిలబడి, భోజనం చేయకుండా వెళ్ళిపోయిందట.

"నా కొడుకు పెండ్లిల దాని మొఖం కనబడద్దు" అన్నాడు పటేల్. "మీరు కంప్యూటర్ తెచ్చిండ్రట గద. ఏదైనా మాయం జేస్తదట."

"చూద్దాం పటేలా" అన్నారు మామ.

క్యాసెట్లు చూశాం. ఆమె కనబడే చోట్లు ఎక్కువ లేవు. పందిరి చివర, ఆడవాళ్ళ గుంపు వెనక, ఒకటి రెండు చోట్ల. అవి కోసేయడం తేలిక. కానీ ఒక చోట కోయడానికి లేదు. పెండ్లిపిల్లగాడు పుస్తె కట్టడానికి వంగినప్పుడు బాసింగం జారి కళ్ళ మీద పడింది. చేతుల్లో పుస్తె, పైకెత్తి సర్దుకోలేడు. ఎవరికీ తోచలేదు. అంతలో వెనక నుంచి ఈ అమ్మాయి వచ్చి, తమ్ముడి నుదుటి మీద బాసింగం నిలబెట్టి, ముడి బిగించి, వెనక్కి తగ్గి పందిరి గుంజ పక్కన నిలబడింది. ఆమె చేయి అతని తల మీద ఉండగానే పుస్తె మొదటి ముడి పడింది. ఆమెను కోస్తే పుస్తె కట్టడమే పోతుంది.

నాకు పంతం వచ్చింది. నేర్చుకున్నదంతా అక్కడ పెట్టాను. ఆమె వచ్చే వైపు తెర అంచున పైనుంచి పూలతీగ ఒకటి దిగేటట్టు చేశాను. బంతిపూలు ఒక్కొక్కటే రాలి, సరిగ్గా ఆమె ముఖమూ చేయీ ఉన్న చోటే గుత్తిగా నిలుస్తాయి. పుస్తె వేళకు పూలు రాలించడం అప్పటి క్యాసెట్లలో మామూలే. చూసిన ఎవరికీ అనుమానం రాదు. మధ్యాహ్నానికి పూర్తిచేసి, మామను పిలిచి గర్వంగా చూపించాను.

ఆయన దగ్గరికి జరిగి, కళ్ళు చికిలించి, రెండుసార్లు చూశారు.

"తీసినట్టు తెలుస్తదా?" అని అడిగారు.

"ఎవలకు తెల్వది మామా."

"ఆ పిల్లకు తెలుస్తది" అన్నారు. "తమ్మునికి తెలుస్తది."

నేను ఊరుకోలేదు. "మనకెందుకు మామా? క్యాసెట్ వాళ్ళది, ఇల్లు వాళ్ళది. మనం చెయ్యకపోతే ఇంకో కాడ చేపిస్తరు. చెయ్యొస్తదని గద మిషన్ కొన్నం."

"చెయ్యొస్తది. మంచిగనే జేసినవు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. "గిప్పుడు ఎనకకు తీస్కపో జర."

మీట నొక్కాను. పూలు పోయాయి. ఆ అమ్మాయి చేయి మళ్ళీ తమ్ముడి తల మీదికి వచ్చింది. మామ దాన్ని చూస్తూ ఉండిపోయారు. తర్వాత, నాతో కంటే తనతో తాను మాట్లాడుకుంటున్నట్టుగా చెప్పారు.

"నేను ముప్పై ఏండ్లసంది కోస్తున్న బిడ్డా. కోసుడు తప్పుగాదు. కోసిన కాడ బొమ్మ జర దునుకుతది. చూసినోడు 'ఏందిది, ఈడ ఏమో పోయింది' అంటడు, అడుగుతడు. గిట్ల పూలేసి కప్పితే ఎవడూ అడుగడు. అడుగుడే బందైతది. కోసిన చోటు కనబడాలె."

నాలుగు రోజులకు పటేల్ వచ్చాడు. మామకు మొదటి నుంచీ ఒక పద్ధతి ఉండేది. ఏదైనా తీసేయమన్నవాళ్ళు పక్కన కూర్చుని, ఎక్కడ తీయాలో తమ నోటితో చెప్పాలి. పటేల్‌కు కుర్చీ వేశారు. నన్ను క్యాసెట్ పెట్టమన్నారు. పందిరి చివర ఆమె కనబడగానే పటేల్ "ఈడ" అన్నాడు. నేను గుర్తు పెట్టుకున్నాను. ఆడవాళ్ళ వెనక ఉన్నచోట మళ్ళీ "ఈడ" అన్నాడు. గొంతు గట్టిగానే ఉంది. పుస్తె కట్టే ఘట్టం వచ్చింది. బాసింగం జారింది, ఆమె వచ్చింది, సర్దింది, గుంజ పక్కకు పోయి కొంగుతో ముఖం తుడుచుకుంది. పటేల్ నోట "ఈడ" రాలేదు. అక్కడితో కెమెరా తిరిగింది. తెర మీద ఆయనే. పీటల పక్కన నిలబడి, అందరూ కొడుకునూ కోడలినీ చూస్తుంటే, ఆయన మాత్రం వాళ్ళను దాటి, పందిరి గుంజ వైపు చూస్తున్నాడు. రెప్ప వేయకుండా చూస్తున్నాడు. తనను ఎవరూ గమనించలేదని అనుకుని ఉంటాడు.

"ఆపు బిడ్డా" అన్నారు మామ. ఆపాను.

"పటేలా, ఒక్క మాట జెప్త. ఆమెను తీస్తే గీడ మీ చూపు గూడ తియ్యాలె. లేకపోతే కొడుకు పుస్తె కడ్తుంటే మీరు ఉత్త గుంజను చూసినట్టుంటది."

పటేల్ తెర మీది తన ముఖాన్నే చూస్తున్నాడు. నేను తల తిప్పుకున్నాను. ఒక పెద్దమనిషి అట్లా కూర్చుని ఉంటే పరాయిదాన్నైన నేను చూడటం బాగుండదనిపించింది. కాసేపటికి మంచినీళ్ళు అడిగాడు. చెంబు తెచ్చిస్తే సగం తాగి, లేచి, భుజం మీది కండువా సర్దుకుని, "మల్లొస్త" అని వెళ్ళిపోయాడు. వెళ్ళాక నేను మామను అడిగాను, పని పోయినట్టేనా అని. "పోతే పోనీ. గా మనసుతోని ఇంటికి పొయ్యేదాక ఆయనకు జర తొవ్వ మంచిగుండాలె" అన్నారు.

చాలా రోజులు కబురు లేదు. కొత్త పెండ్లికొడుకు ఒకసారి వచ్చి క్యాసెట్ అడిగాడు. "కొయ్యుమన్నది మీ బాపు. ఆయన జెప్పాలె" అని పంపేశారు మామ. ఆ పిల్లవాడు తల వంచుకుని వెళ్ళాడు. చివరకు పటేల్ తనే వచ్చాడు. గదిలోకి రాలేదు. గడప బయట నిలబడే చెప్పాడు.

"మా అన్నదమ్ములకిచ్చే క్యాసెట్ల తియ్యుండ్రి. నాలుగిండ్లల్ల చూసేటిది. ఇంట్ల ఉండే దాంట్ల…" అని ఆగాడు. "ఇంట్ల దాంట్ల ఉండనీ. వాళ్ళను కన్న అవ్వ చూసుకుంటది."

"అట్లనే పటేలా. గానీ పంచే దాంట్ల కోస్త, పూలేసి కప్పను. బొమ్మ దునుకుతది. ముందుగాల్నే చెప్తున్న."

"దునుకనీ" అన్నాడు పటేల్.

మామ అట్లాగే చేయించారు. పంచే క్యాసెట్‌లో పిల్లగాడు వంగడం, ఆ వెంటనే పుస్తె కట్టి లేవడం. నడుమ ఏమీ లేదు. పటేల్ చూపు కూడా లేదు. కొన్నాళ్ళకు ఆ కొడుకు ఇంకో కాపీ కావాలని వచ్చాడు, ఇంట్లో ఉన్న దానిలాంటిది, అక్కకు ఇవ్వడానికి. మాటల్లో చెప్పాడు. పెద్దనాన్న వాళ్ళింట్లో అందరూ కూర్చుని క్యాసెట్ చూస్తుంటే, "గీడేందిరా, పుస్తె కట్టుడు కాడనే దునికింది?" అని అడిగారట. తండ్రి పక్కనే కూర్చున్నాడట. "ఆడ మా అక్క ఉండె" అన్నాడట ఇతను. తండ్రి కాదనలేదట.

ఆ ఇంట్లో ఆ తర్వాత ఏమేం జరిగాయో నాకు పూర్తిగా తెలియదు. తెలిసినంత చెబుతున్నాను. మరుసటి ఏడు ఎండలు ముదిరాక ఒకరోజు పటేల్ మా గడప దగ్గర ఆగాడు. పనేమీ లేదన్నాడు, బెల్లంపల్లిలో ఎవరినో చూడటానికి వచ్చానన్నాడు. మామ చాయ్ తెప్పించారు. వానల గురించి, పత్తి గురించి మాట్లాడుకున్నారు. లేవబోతూ పటేల్, "మనుమడు పుట్టిండు" అన్నాడు.

"కొడుక్కా?" అని అడిగారు మామ.

"బిడ్డకు" అన్నాడు పటేల్.

మామ "మంచిగాయె" అని మాత్రమే అన్నారు. ఆయన వెళ్ళాక లోపలికి వచ్చి, ఏ మిషన్‌కూ దుమ్ము లేకపోయినా, పొడి బట్ట తీసుకుని అన్నీ మళ్ళీ తుడిచారు.

షుగర్ వల్ల ఆయన చూపు తగ్గుతూ వచ్చి, పోయిన ఏడు పూర్తిగా పోయింది. మంచిర్యాలలో చూపించాం, కరీంనగర్‌లో చూపించాం. ఇక రాదన్నారు. ఇంటికొచ్చి మూడు రోజులు ఆ గదిలోకి రాలేదు. నాలుగో రోజు పొద్దున గోడ పట్టుకుని గదిలోకి వచ్చి, నా పక్క కుర్చీ తడుముకుని కూర్చున్నారు. "పని జేస్కో. నేను వింట" అన్నారు. ఆనాటి నుంచి అదే ఆయన చోటు. నేను కోస్తుంటే విని, "ఆడ మాట నడిమిట్ల తెగింది" అనేవారు. మధ్య మధ్య "ఇప్పుడెవలు?" అని అడిగేవారు. పెండ్లిపిల్ల మేనమామ అనో, చిన్నపిల్లలు ఎగురుతున్నారనో చెప్పేదాన్ని. మొదట్లో క్లుప్తంగా చెప్పేదాన్ని. పోను పోను, చీర రంగు, ఎవరు నవ్వారు, ఎవరు నవ్వలేదు, అన్నీ చెప్పడం అలవాటైంది. "మంది చూసేది బొమ్మను గాదు బిడ్డా, బొమ్మల తమోళ్ళను" అని ఆయన ఎప్పుడూ చెప్పే మాట నాకు ఆ ఏడాదిలోనే అర్థమైంది. మనకు ఏమీ కాని మనుషులను, ఇద్దరం కలిసి, అంత శ్రద్ధగా చూశాం.

ఆయన పోయిన కబురు విన్న ఆ కరీంనగర్ ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు జైనూర్ వైపు పెండ్లి ఒకటి చేస్తున్నాను. చిన్న పందిరి, కొద్దిమంది జనం. కెమెరా అతను సరిగా పట్టలేదు, బొమ్మ ఊగుతోంది. మామ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. ఉన్నట్టుండి బాజాలు జోరందుకున్నాయి.

"పుస్తె కడ్తుండ్రా?" అన్నారు.

"అవు మామా. కడ్తుండు."

"పిల్ల ఎట్లుంది?"

"సన్నగుంది. భయపడ్తున్నట్టుంది. పిల్లగాడు ఆమె దిక్కు చూసి నవ్విండు. ఇప్పుడు గామె గూడ నవ్వింది."

ఆయన వెన్ను నిటారుగా చేసుకుని కూర్చున్నారు. కుడి చేయి కొంచెం పైకి లేచింది. వేళ్ళు దగ్గరికి చేర్చి, చప్పుడు వస్తున్న వైపు మెల్లగా విదిలించారు, పందిట్లో నిలబడి అచ్చింతలు వేసినట్టే. తెర మీద ఆ ఇద్దరూ తలలు వంచి ఉన్నారు. బియ్యం వాళ్ళ మీద పడుతూనే ఉంది.